అప్పడాల కర్ర గుండ్రంగా లేదు

మా అమ్మ వాడిన అప్పడాల కర్ర ఒకటి మా అమ్మాయి పెట్టెలో చీరల మడతల మధ్య పడుకుని బందరు నుంచి డెలావేరు వచ్చింది. మొన్న ఆదివారం మా మనవరాలు దానితో పూరీలు వత్తుతూ, "తాతయ్యా, ఇది తిన్నగా దొర్లడం లేదు, చేతిలో చిన్నగా ఎగురుతోంది" అంది. ఆ మాట వినగానే నాకు ప్రాణం లేచొచ్చింది. ముప్పై ఏళ్లు ఫిజిక్సు పాఠాలు చెప్పినవాణ్ణి, వెర్నియర్ కాలిపర్స్ ఇప్పటికీ నా సొరుగులోనే ఉంటాయి. పిండి తుడిచి, కర్ర నడిమిభాగం కొలవమని దాని చేతికిచ్చాను. 41.3 మిల్లీమీటర్లు వచ్చింది. "ఇప్పుడు కర్రను పావు చుట్టు తిప్పి, అక్కడే మళ్లీ కొలువమ్మా" అన్నాను. ఈసారి 40.2. ఇంకోసారి కొలిచింది, అంతే. ఒక మిల్లీమీటరు పైచిలుకు తేడా.

తరిమెన మీద తిరుగుతున్న కర్రకు ఉలి ఆనించి చెక్కితే ఎవరు చెక్కినా గుండ్రంగానే వస్తుంది. అలా వచ్చిన కర్ర ఇప్పుడు కోడిగుడ్డు వాలకంలోకి ఎలా వెళ్లింది? పనివాడి తప్పు కాదు. అది చెట్టు స్వభావం.

చెట్టును అడ్డంగా కోస్తే వలయాలు కనిపిస్తాయి కదా. ఆ వలయాలకు అడ్డంగా, నడిమధ్య నుంచి బెరడు దాకా, బండిచక్రం ఆకుల్లా సన్నని కణాల వరుసలు ఉంటాయి. పచ్చికర్ర ఆరుతున్నప్పుడు కణాల గోడల్లోని నీరు పోయి కర్ర ముడుచుకుంటుంది. ఈ ఆకులు ఉన్న దిక్కున అవి బిగపట్టి ఉంచుతాయి కాబట్టి ముడుపు తక్కువ. వలయాల వెంట పట్టి ఉంచేది లేదు కాబట్టి ముడుపు దాదాపు రెండింతలు. చాలా రకాల కర్రల్లో పచ్చి నుంచి పూర్తిగా ఎండేసరికి మొదటి దిక్కున నూటికి నాలుగు పాళ్లు, రెండో దిక్కున ఎనిమిది పాళ్లు పోతుంది. పొడుగులో మాత్రం పోయేది లేదనే చెప్పాలి. కర్రను సగం ఆరగానే తరిమెనకు ఎక్కించి ఉంటారు. మిగిలిన తడి మా వంటింట్లో, పొయ్యి పక్కన ఆరింది. ఆరిన మేరకు గుండ్రం కాస్తా కోలగా మారింది.

"అయితే గుండ్రంగా ఉన్న పాతవస్తువు చూస్తే అనుమానించాలా?" అంది మనవరాలు. ఆ ప్రశ్న అడగడమే ఒక చదువు. ఆ చదువుకు ఇక్కడ బడి ఉంది, మా ఇంటికి కారులో అరగంట దూరం కూడా లేదు.

విల్మింగ్టన్ ఊరి శివారులో వింటర్‌టూర్ అనే ఎస్టేటు ఉంది. హెన్రీ ఫ్రాన్సిస్ డూపాంట్ అనే ఆసామిది, రసాయనాల కంపెనీ డూపాంట్ల కుటుంబమే. 1923లో ఆయన వెర్మాంటులో తెలిసినవాళ్ల ఇంటికి వెళ్లి, మామూలు దేవదారు కర్ర అల్మరాలో గులాబిరంగు స్టాఫర్డ్‌షైర్ పింగాణీ పళ్లేలు పేర్చి ఉండడం చూశాడు. ఆ పొందిక ఆయన మనసును పట్టేసింది. ఆ తరవాత బతికినంతకాలం అమెరికా పాత ఇళ్లలోని కుర్చీలు, బల్లలు, వెండి, పింగాణీ, దుప్పట్లు, ఆఖరికి గదులకు గదులే గోడపలకలతో సహా ఊడదీయించి తెచ్చి తన ఇంట్లో అమర్చాడు. 175 గదులైంది ఇల్లు. 1951లో దాన్ని మ్యూజియం చేసి జనానికి తలుపులు తీశాడు. ఇవాళ అందులో దాదాపు 90,000 వస్తువులున్నాయి.

నాకు ఆయన మీద గౌరవం కలిగింది మాత్రం ఆ మరుసటి ఏడు జరిగిన పనికి. 1952లో వింటర్‌టూరూ డెలావేర్ యూనివర్సిటీ కలిసి ఒక ఎం.ఏ. కోర్సు మొదలుపెట్టాయి. రెండేళ్ల చదువు. పుస్తకాలు ఉంటాయి, కానీ అసలు పాఠ్యపుస్తకం ఆ వస్తువులే. కొనిపెట్టుకున్నవాళ్లు చాలామంది ఉంటారు. కొన్నవాటిని కుర్రవాళ్ల ముందు పెట్టి, తిరగేసి చూడండి, సొరుగు లాగి చూడండి, అడుగున తడిమి చూడండి అనేవాళ్లు ఎందరు?

ఆ కోర్సులో చదివేవాటికి అలంకార కళలు అని పెద్దమాట వాడతారు గానీ, మన లెక్కన చూస్తే వాడకానికీ అందానికీ రెంటికీ చేసిన వస్తువులు. కుంకుమభరిణె, పన్నీరుబుడ్డి, ఉయ్యాలబల్ల, మంచం కోళ్లు. బొమ్మ గీసినవాడు బొమ్మ మీద సంతకం పెట్టుకుంటాడు. మంచం కోడు చెక్కినవాడి సంతకం ఎక్కడుంటుంది? ఉలి జాడలో ఉంటుంది. ఆ జాడ చదవడం నేర్పాలి.

వింటర్‌టూర్‌లో డైరెక్టరుగా పనిచేసిన చార్లెస్ మాంట్‌గమరీ 1961లో ఒక వ్యాసం రాశాడు. ఒక వస్తువు ముందు కూర్చుంటే ఏమేమి అడగాలో పద్నాలుగు మెట్లుగా పేర్చాడు. మొత్తం మీద ఎలా కనిపిస్తోంది అన్నది మొదటిది. తరవాత ఆకారం, అలంకారం, రంగు. ఆపైన ఏ సరుకుతో చేశారు, చేతిపని ఎలాంటిది, ఆ రోజుల్లో ఆ వృత్తిలో అలవాట్లేమిటి, దేనికి వాడేవారు, ఏ శైలి. ఇవన్నీ అయ్యాకే ఎప్పటిది, ఎవరు చేశారు అనే ప్రశ్నలు. ఆ తరవాత ఎవరెవరి చేతులు మారింది, ఇప్పటి స్థితేమిటి. ధర, విలువ అన్నది పద్నాలుగోది. మన ఇళ్లకు పాతసామాను కొనేవాడు వస్తే మొదటి ప్రశ్న అదే అవుతుంది. మాంట్‌గమరీ ఆ ప్రశ్నను వరసలో చివరికి నెట్టాడు. ఆయన అంతకుముందు తగరపు పాత్రల వ్యాపారం చేసినవాడే, ధరలు తెలియక కాదు.

ఈ వరసలో సైన్సు ఎక్కడుందని అడుగుతారేమో. ప్రతి మెట్టులోనూ ఉంది. బల్ల అడుగున వేలికొసలు పెట్టి మెల్లగా రాస్తే, చేత్తో చిత్రిక పట్టిన చెక్క అయితే కెరటాల్లా చిన్న చిన్న ఎత్తుపల్లాలు తగులుతాయి. పైముఖం నునుపు చేస్తాడు గానీ ఎవరూ చూడని అడుగు కోసం పనివాడు పొద్దు వృథా చేయడు. రంపపు గీతలు తిన్నగా ఉంటే ఒక కాలం, విల్లులా వంగి ఉంటే గుండ్రటి రంపం వచ్చిన తరవాతి కాలం, అంటే అమెరికాలో సుమారు 1830 నుంచి. మేకును చూస్తే కమ్మరి సుత్తితో సాగగొట్టినదా, యంత్రం రేకునుంచి కత్తిరించినదా, తీగనుంచి చేసినదా తెలుస్తుంది. కత్తిరించిన మేకులు 1790ల నుంచి వచ్చాయి. ఇవాళ మనం వాడే తీగమేకులు 1880లు దాటాక గాని ఎక్కువగా రాలేదు. 1760 నాటిదని చెప్పే పెట్టెలో తీగమేకు ఉంటే అబద్ధమని వెంటనే కేకవేయకూడదు. ఎవరైనా మరమ్మతు చేసి ఉండొచ్చు. మేకు చుట్టూ కర్ర రంగు చూడాలి, అంతకుముందు వేసిన మేకు తాలూకు ఖాళీ చిల్లు పక్కన ఉందా అని చూడాలి.

ఇక్కడ మీకొక కుర్చీ కథ చెప్పాలి. 1620లో మేఫ్లవర్ ఓడలో వచ్చినవాళ్ల పెద్ద విలియం బ్రూస్టర్. ఆయనదని చెప్పే కుర్చీ ప్లిమత్‌లోని పిల్‌గ్రిమ్ హాల్‌లో ఉంది. నిండా తరిమెన పట్టిన సన్నని కమ్ములు, మన పట్టెమంచం తలవైపు ఉండే వరసకమ్ముల్లాంటివి. అలాంటివి చాలా అరుదు. రోడ్ ఐలండ్‌లో ఆర్మండ్ లమాంటేన్ అనే శిల్పి ఉండేవాడు. నిపుణులమనుకునేవాళ్ల మీద ఆయనకు కోపం. 1969లో అచ్చం అలాంటి కుర్చీ పచ్చికర్రతో స్వయంగా చేశాడు. పొగబెట్టాడు, ఉప్పునీళ్లు పట్టించాడు, దుమ్ము అంటించాడు. ఎవరికీ అమ్మకుండా ఊరికే బయటికి వదిలాడు. అది చేతులు మారి మారి, చివరికి మిషిగన్‌లోని హెన్రీ ఫోర్డ్ మ్యూజియం చేరింది. వాళ్లు 9,000 డాలర్లు పెట్టి కొన్నారు. 1977లో చేసినవాడే బయటపడి, అది నేను చేసిందని చెప్పాడు.

పచ్చికర్రతో చేశాడన్నాను కదా. కొన్నేళ్లలో కమ్ములు ఆరి, మా అప్పడాల కర్రలాగే కోలగా తిరిగి ఉంటాయి. కాలిపర్స్ ఒక్కటీ పట్టుకుని వెళ్లినవాడికి అది పాతకుర్చీ అనే అనిపిస్తుంది! నేను నా మనవరాలికి ఇదే చెప్పాను. ఒక్క కొలత ఎప్పుడూ చాలదు. మరి మోసం దొరికేది ఎక్కడ? కమ్మి దూర్చిన రంధ్రం లోపల. పాతకాలపు బరమా మొన చెంచాలా ఉండేది, దానితో తొలిస్తే రంధ్రం అడుగు గిన్నెలా గుండ్రంగా వస్తుంది. ఇప్పటి బరమా అడుగును వేరే తీరుగా వదులుతుంది. లమాంటేన్ కావాలనే కొత్త బరమా వాడాడు, రుజువు ఉండాలని. కుర్చీకి ఎక్స్‌రే తీస్తే రంధ్రాల అడుగులు స్పష్టంగా కనిపించాయి, సందేహం తీరిపోయింది. ఆ మ్యూజియం వాళ్లు కుర్చీని పారేయలేదు. దాన్నే పాఠంగా పెట్టుకున్నారు. ఎంతో పెద్దమనసు కావాలి ఆ పనికి.

ఎక్స్‌రే అంటే గుర్తొచ్చింది, వెండి సంగతి. కంసాలి గీటురాయి మీద గీసి వన్నె చెబుతాడు. వింటర్‌టూర్‌లో పరిశోధనశాల ఉంది, అక్కడ గీయకుండానే చెబుతారు. వెండిగిన్నె మీదికి ఎక్స్‌కిరణం పంపిస్తే, పరమాణువు లోపలి వరసలోని ఒక ఎలక్ట్రాన్ ఎగిరిపోతుంది. ఆ ఖాళీలోకి పైవరస ఎలక్ట్రాన్ దిగుతుంది, దిగుతూ తనవంతు ఎక్స్‌కిరణం ఒకటి విడుస్తుంది. ఇత్తడి చెంబుకు ఒక మోత, కంచుగంటకు ఒక మోత ఉన్నట్టు, ప్రతి మూలకానికీ ఆ కిరణం శక్తి వేరు. వెండి ఎంత, రాగి ఎంత అని విడివిడిగా వినిపించేస్తుంది. అందులో నాకు భలే నచ్చిన కిటుకు ఒకటుంది. పాతకాలపు శుద్ధిలో వెండిలోంచి బంగారం, సీసం పూర్తిగా పోయేవి కావు, రవంత మిగిలేవి. పంతొమ్మిదో శతాబ్దం చివర కరెంటుతో శుద్ధిచేయడం వచ్చాక ఆ రవంత కూడా పోయింది. అంచేత 1770 నాటి గిన్నెలో బంగారం జాడే లేకపోతే అది మెచ్చుకోవలసిన స్వచ్ఛత కాదు, నిలదీయవలసిన స్వచ్ఛత.

అతినీలలోహిత కాంతి దీపం కూడా అంతే. చీకటిగదిలో ఆ దీపం కింద లక్కతో చేసిన మెరుగు నారింజరంగులో వెలుగుతుంది. లక్క మనదే కదా, మన అడవుల్లో కుసుమచెట్ల మీద, మోదుగ కొమ్మల మీద పురుగులు పెట్టే సొత్తు. ఏటికొప్పాక బొమ్మలకు పూసే ఆ లక్కే శుద్ధై, ఓడలెక్కి, పంతొమ్మిదో శతాబ్దంలో అమెరికా బల్లల మీద మెరుగైంది. పద్దెనిమిదో శతాబ్దపు కుర్చీ ఒళ్లంతా నారింజగా వెలిగితే, తరవాతి రోజుల్లో ఎవరో పాతమెరుగు గీకేసి కొత్తది పట్టించారని అర్థం.

బందరువాణ్ణి, ఇక మా అద్దకం బట్టల మాట ఎత్తకుండా ఉండలేను. వింటర్‌టూర్ బట్టల సేకరణలో మన కోరమాండల్ తీరపు దుప్పట్లు ఉన్నాయి. పలంపోర్ అంటారు, పలంగ్‌పోష్ అనే మాట నుంచి వచ్చింది, మంచం మీద పరిచేది. నడుమ పూలచెట్టు, కొమ్మకొమ్మకూ వేరే పువ్వు. ఇంగ్లండు తన నేతగాళ్ల కోసం 1700లో ఒకసారి, 1721లో ఇంకోసారి ఈ బట్ట వాడకం మీద చట్టాలు తెచ్చింది. అయినా లండన్ మీదుగా అమెరికా వలస ఊళ్లకు అది వెళుతూనే ఉండేది. మాంట్‌గమరీ గారి భార్య ఫ్లారెన్స్ ఇక్కడి అద్దకం బట్టల మీద 1970లో పెద్ద పుస్తకమే రాసింది.

ఆ దుప్పటిని ఒక విద్యార్థి ముందు పరిస్తే ఏం చూడాలి? ముందు గీత చూడాలి. కలంతో రాసిన గీత మొదలైనచోట లావుగా, సాగినకొద్దీ సన్నగా ఉంటుంది, చెయ్యి ఆగినచోట చిన్న చుక్కలా ఉబ్బుతుంది. అచ్చుతో అద్దితే అదే పువ్వు అదే లోపంతో మళ్లీ మళ్లీ వస్తుంది, అచ్చుకూ అచ్చుకూ మధ్య సందు దొరుకుతుంది. తరవాత రంగు. కరక్కాయ, గేదెపాలలో నానబెట్టి ఆరేసిన బట్ట మీద, ఇనుపతుప్పు బెల్లంతో ఊరబెట్టిన కసిమితో నల్లగీత రాస్తారు. కరక్కాయలోని టానిన్ ఇనుమును పట్టుకుని నలుపవుతుంది. గేదెపాలలోని వెన్న రంగును పక్కకు పాకనివ్వదు. ఎరుపు కావలసినచోట పటికనీళ్లు రాసి, చిరివేరు కషాయంలో ఉడికిస్తే పటిక ఉన్నచోటే ఎరుపు నిలుస్తుంది. పటిక చిక్కదనం మార్చితే ఒకే బానలోంచి రెండు మూడు ఎరుపులు వస్తాయి. నీలి కోసం మిగతా బట్టంతా మైనం పూసి కప్పేవారు. ఈ చిరివేరు గురించి, బట్టకు అది రంగు పట్టించే తీరు గురించి సామర్లకోటలో పనిచేసిన విలియం రాక్స్‌బర్గ్ డాక్టరు, 1795లో మొదలైన తన కోరమాండల్ మొక్కల గ్రంథంలో వివరంగా రాశాడు.

రెండువందల యాభై ఏళ్ల తరవాత చూస్తే ఎరుపు అలాగే ఉంటుంది. నల్లగీత ఉన్నచోటల్లా బట్ట చివికి, గీత ఆకారంలోనే రాలిపోయి ఉంటుంది. ఇనుమే దారాన్ని తినేసింది. అందాన్ని ఇచ్చిన చేత్తోనే అది బట్టను తిన్నది. బట్టను బాగుచేసేవాడికి కెమిస్ట్రీ ఎందుకు రావాలో ఈ ఒక్క గీత చాలు చెప్పడానికి. 1974లో అదే రెండు సంస్థలూ కలిసి వస్తుసంరక్షణకు వేరే కోర్సు పెట్టాయి, మూడేళ్ల చదువు. అందులో చేరేవాళ్లకు కెమిస్ట్రీ, చరిత్ర, చేతిపని మూడూ రావాలి. మన పెడన, కాళహస్తి పిల్లలకు ఇలాంటి చదువు ఇంటి దగ్గరే దొరకాలని నా కోరిక. రంగు ఎలా పడుతుందో వాళ్లకు పుట్టుకతో తెలుసు. పాతబట్టను చదవడం కూడా వాళ్లకంటే బాగా ఎవరికి వస్తుంది?

విశాఖపట్నం దంతపు పని కూడా ఈ దేశంలో ఉంది. పద్దెనిమిదో శతాబ్దంలో విశాఖ పనివాళ్లు కంపెనీ దొరల కోసం పెట్టెలు, కుర్చీలు చేసి దంతం తాపడం పెట్టి, దాని మీద లతలు చెక్కి ఆ గీతల్లో నల్లలక్క నింపారు. మసాచుసెట్స్‌లోని సేలం ఊళ్లో పీబాడీ ఎసెక్స్ మ్యూజియంలో చూడొచ్చు. దంతమో ఎముకో తేల్చడానికి భూతద్దం చాలు. ఎముకలో రక్తనాళాలు పోయిన సన్నని రంధ్రాలు చుక్కలుగా కనిపిస్తాయి. ఏనుగు దంతాన్ని అడ్డంగా కోస్తే ఒకదాన్నొకటి దాటుకునే వంపుగీతలు కనిపిస్తాయి. అంచు దగ్గర ఆ గీతల మధ్య కోణం 115 డిగ్రీలు దాటితే ఏనుగు, 90కి లోపు ఉంటే మంచుయుగపు మామత్.

పట్టుకునేముందు ఆలోచించమని కూడా ఈ చదువు నేర్పుతుంది. 2019లో వింటర్‌టూర్ సంరక్షకులు పంతొమ్మిదో శతాబ్దపు పుస్తకం అట్టను పరీక్షిస్తే, ఆ మెరిసే పచ్చరంగు బట్టలో పాషాణం తేలింది. రాగి, ఆర్సెనిక్ కలిసిన రంగు. మునివేళ్లకు అంటుకునేంతగా ఉంది. అప్పటినుంచి అలాంటి పచ్చ పుస్తకాలను వెతికి పట్టుకునే పనే ఒకటి నడుస్తోంది.

చేసినవాడి పేరు దొరికే అదృష్టం ఎప్పుడోగానీ పట్టదు. దక్షిణ కెరొలైనాలో డేవిడ్ డ్రేక్ అనే కుమ్మరి ఉండేవాడు, బానిస. బానిసలకు చదువు నేర్పడం నేరమైన రోజుల్లో ఆయన పచ్చిమట్టి జాడీ భుజం మీద తన పేరు, తేదీ, ఒక్కోసారి రెండు పాదాల పద్యం రాసేవాడు. ఆ జాడీలు ఇవాళ పెద్ద మ్యూజియాల్లో ఉన్నాయి. మా అప్పడాల కర్ర చేసినవాడి పేరు మాకు తెలియదు.

మనవరాలు ఇవన్నీ విని, నోటుబుక్కులో పద్నాలుగు గడులు గీసి, ఆ కర్రను ముందు పెట్టుకుంది. రంగు, పిడుల అరుగుదల అన్నీ రాసింది. "తాతయ్యా, ఒక కొస మీద నొక్కులున్నాయి, రెండో కొస మీద లేవు. ఎందుకు?" అంది. చూస్తే నిజమే, గుంటలు గుంటలుగా ఇరవై దాకా ఉన్నాయి. వెల్లుల్లి దంచి ఉంటుందమ్మా మీ ముత్తవ్వ అన్నాను. "వెల్లుల్లి కర్రకంటే మెత్తన కదా. నొక్కు పడాలంటే అవతలిది గట్టిదై ఉండాలి" అంది. సబబైన మాట. నాకు తోచలేదు. బందరులో మా అక్కయ్యకు ఫోన్ చేశాం, తనకు ఎనభై నాలుగేళ్లు.

"వెల్లుల్లా? అమ్మ ఆ కర్రతో ఎప్పుడూ ఏదీ దంచలేదురా. బడి నుంచి వస్తూ లాగూ జేబుల నిండా బాదంకాయలు ఏరుకొచ్చి, అరుగు మీద పెట్టి నువ్వే కొట్టేవాడివి. అమ్మ చూస్తే తంతుందని కర్రను మళ్లీ పిండిడబ్బా వెనకాల పెట్టేదాన్ని నేను."

మనవరాలు 'వాడకం' అని ఉన్న గడిలో అప్పడాలు, పూరీలు అని రాసినదాని కింద బాదంకాయలు అని చేర్చింది. పక్కన బ్రాకెట్లో తాతయ్య అని రాసి, కర్రను తడిబట్టతో కాక పొడిబట్టతో తుడిచి పెట్టింది.